గీత ఒకరిది, కోత మరొకరిది

స్క్రోల్ సా అనేది సన్నని రంపపు బ్లేడు నిలువుగా పైకీ కిందికీ ఆడే చిన్న యంత్రం. బ్లేడు పొడవు అయిదు అంగుళాలు, వెడల్పు చాలా రకాల్లో ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. మామూలు రంపం గీత వెంట నేరుగా పోతుంది. ఇది మలుపు తిరుగుతుంది, అవసరమైతే ఉన్నచోటనే గిర్రున తిరుగుతుంది. పలకకు చిన్న బెజ్జం వేసి, బ్లేడును అందులోంచి దూర్చి, పైనా కిందా బిగిస్తే చాలు. అంచు తెగకుండానే పలక నడిమధ్యన ఒక ఆకునో, పక్షి కన్నునో, అక్షరం లోపలి డొల్లనో కోసి తీయవచ్చు. బ్లేడు తన చోటు వదలదు. చెక్కనే బల్ల మీద ఆనించి రెండు చేతులతో తిప్పాలి. అందుకే వడ్రంగి పనిముట్లలో కుట్టుమిషనుకు దగ్గరి చుట్టం ఇదే.

ఈ యంత్రం మీద పొట్టపోసుకునేవారు తక్కువ, సెలవు రోజుల్లో ఇష్టంగా కూర్చునేవారు ఎక్కువ. వారి మధ్య నిత్యం చేతులు మారే వస్తువు చెక్క కాదు, యంత్రమూ కాదు, నమూనా. నమూనా అంటే కాగితం మీది గీతల చిత్రం. దానిని పలకకు అంటించి గీతల వెంట కోస్తారు. యంత్రం కొన్నవారందరూ బొమ్మ గీయలేరు, బొమ్మ గీయగలిగినవారందరికీ చెక్క స్వభావం తెలియదు. ఈ రెండు లోటులూ ఒకదానినొకటి పూరించుకోవడమే నమూనాల ఇచ్చిపుచ్చుకోవడం. కాగితం మీద ఉన్నంతసేపూ నమూనా ఒక ఊహ మాత్రమే. మరొకరు మరో ఊళ్లో, మరో చెక్క మీద కోసి చూసి, విరగకుండా నిలబడిందని తేలిన తర్వాతే అది నమూనా అనిపించుకుంటుంది.

ఈ పద్ధతి యంత్రం కంటే పాతది. ఫ్రాన్సులో పద్నాలుగో లూయీ కొలువుకు సామాను చేసిన ఆంద్రే షార్ల్ బూల్ 1642 నుంచి 1732 వరకు జీవించాడు. అతని పనిశాలలో తాబేటి చిప్ప రేకునూ ఇత్తడి రేకునూ ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన గీసిన చిత్రం వెంట రెండింటినీ ఒకే కోతలో కోసేవారు. చిప్పలోంచి వచ్చిన పువ్వు ఇత్తడి గుంటలో అమరేది, ఇత్తడి పువ్వు చిప్ప గుంటలో అమరేది. ఒకే గీతకు రెండు పలకలు, ఒకటి వెలుగు, ఒకటి నీడ. ఆ పేర్చి కోసే ఉపాయమే ఈనాటి అభిరుచిపరుల దొంతర కోత. ఇటలీలోని సొరెంటో పట్టణం కూడా చెక్కలో చెక్క పొదిగే పనికి పేరు తెచ్చుకుంది. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో సన్నరంపపు పనిని సొరెంటో పని అనేవారంటే ఆ పేరు ఎంత దూరం పోయిందో తెలుస్తుంది.

1870ల తర్వాత కాలితో తొక్కే యంత్రాలు ఇళ్లలోకి వచ్చాయి. ఇల్లినాయ్ రాష్ట్రంలోని రాక్‌ఫర్డ్‌లో బార్న్స్ సోదరుల కంపెనీ అటువంటివి తయారుచేసింది. యంత్రం ఇంటికి రాగానే నమూనాల ఆకలి మొదలైంది. దాన్ని అందరికంటే బాగా పసిగట్టింది ఇంగ్లండులో, నార్‌ఫోక్ ప్రాంతపు డీరమ్ పట్టణంలోని హాబీస్ సంస్థ. 1895లో మొదలైన దాని వారపత్రికతో పాటు కోయడానికి సిద్ధంగా ఉన్న నమూనా కాగితం ఉచితంగా వచ్చేది. గోడ అరలు, ఫొటో ఫ్రేములు, గడియారపు పెట్టెలు, బొమ్మ ఇళ్లు అందులో ఉండేవి. కాగితం ఉచితమే గాని బ్లేడ్లు, పలుచని పలకలు, యంత్రాలు అదే సంస్థ అమ్మేది. వ్యాపారం కోసం మొదలైనదే అయినా దాని ఫలితం వ్యాపారాన్ని మించింది. ఒకే వారం వేల ఇళ్లలో ఒకే గీత మీద రంపం ఆడింది. ఒకరికొకరు తెలియని మనుషులకు ఒకే పని ఉమ్మడి అయింది. ఇంటి బల్లల మీద సాగే ఈ విద్య చరిత్రలో ఇంతకంటే ముఖ్యమైన ఘట్టం మరొకటి కనిపించదు.

1930ల మొదట్లో ఆర్థిక మాంద్యం వేళ అమెరికాలో బొమ్మను అతికించిన పలకను ముక్కలుగా కోసే పజిల్ పిచ్చి పట్టింది. పని పోయిన కొందరు ఇంట్లోనే పజిళ్లు కోసి, అద్దెకిచ్చి నాలుగు డబ్బులు చూసుకున్నారు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు ఈ యంత్రం మూలన పడింది. పాత యంత్రంలో బ్లేడు పైకొనను స్ప్రింగు లాగి పట్టేది. బిగువు నిలకడగా ఉండక బ్లేడ్లు తరచుగా తెగేవి. 1970లలో జర్మనీ నుంచి వచ్చిన హెగ్నర్ యంత్రాల్లో పైచేయీ కిందిచేయీ జోడుగా కదులుతూ బ్లేడును ఒకే బిగువులో పట్టి ఉంచాయి. జుట్టంత సన్నని వంపులు అప్పుడు ఇంటి బల్ల మీద సాధ్యమయ్యాయి. 1986లో అమెరికన్ రచయిత ప్యాట్రిక్ స్పీల్‌మన్ నమూనాల పుస్తకం రావడంతో కొత్త తరం బయలుదేరింది.

ఇక నమూనాను చదవడం. మాటల్లో బొమ్మ చూపలేరు గనుక దాని భాష చెప్పడమే దారి. కోసి తీసివేయవలసిన భాగాన్ని సాధారణంగా బూడిద రంగుతో నింపుతారు, మిగలవలసిన చెక్కను తెల్లగా వదిలేస్తారు. బెజ్జం వేయవలసిన చోట చిన్న చుక్క ఉంటుంది. చెక్క నార ఎటు పోవాలో బాణం గుర్తు చెబుతుంది. సన్నని కాడలాంటి భాగం నారకు అడ్డంగా పడితే గోటితో తడితేనే విరుగుతుంది, కాబట్టి ఆ బాణం అలంకారం కాదు. కోత లోపలి నుంచి బయటికి, చిన్న బెజ్జాల నుంచి పెద్ద ఖాళీలకు సాగాలి. పెద్ద ఖాళీలు ముందు తీస్తే పలక బలహీనపడి, సన్నని పని వచ్చేసరికి వణుకుతుంది. వెలుపలి అంచు అన్నింటికన్నా చివర.

గీత మందమూ ముఖ్యమే. లావు గీత గీస్తే కోసేవారికి ఏ అంచు వెంట పోవాలో తెలియదు. పలకలో ఖాళీలు కోసి తీసే జాలీ పనిలో బ్లేడు కాస్త పక్కకు జరిగినా నష్టం లేదు, కాగితం ఊడదీశాక అసలు గీత ఎక్కడుందో ఎవరికీ కనిపించదు. రంగురంగుల చెక్కముక్కలు పక్కపక్కన పేర్చే ఇంటార్షియా పనిలో మాత్రం అర మిల్లీమీటరు తప్పినా రెండు ముక్కల మధ్య సందు కనిపిస్తుంది. కనుక మంచి నమూనా గీత సన్నగా ఉంటుంది, నల్లగా ఉంటుంది, తెగకుండా ఉంటుంది.

చేతులు మారేటప్పుడు నమూనా ఎక్కువగా దెబ్బతినేది కొలత దగ్గర. ఇక్కడ ముగ్గుతో పోల్చి చూస్తే విషయం తేటపడుతుంది. తెలుగిళ్లలో ఆడవారు నోటు పుస్తకాల్లో ముగ్గులు రాసుకుని ఇరుగుపొరుగుకు ఇవ్వడం, సంక్రాంతికి పత్రికల్లో అచ్చువేయించడం ఎన్నో ఏళ్లుగా ఉన్నదే. దానికి కొలత అక్కరలేదు. 15 చుక్కలు, 8 వచ్చేవరకు సందు చుక్క అంటే చాలు. వాకిలి పెద్దదైతే ముగ్గు పెద్దదవుతుంది, చిన్నదైతే చిన్నదవుతుంది, రూపం మాత్రం మారదు. చెక్క అలా ఒప్పుకోదు. పలక మందం బొమ్మతో పాటు పెరగదు, తరగదు.

అమెరికాలో వాడే లెటర్ కాగితం వెడల్పు 216 మిల్లీమీటర్లు, ఇక్కడి ఎ4 కాగితం వెడల్పు 210. అక్కడ గీసిన నమూనాను ఇక్కడ అచ్చు తీస్తే, ప్రింటరు దాన్ని కాగితానికి సరిపెట్టే పేరుతో నూటికి 97 పాళ్లకు కుదించవచ్చు. కంటికి తేడా తెలియదు. కాని చిన్న గడియారం దూర్చడానికి గీసిన 35 మిల్లీమీటర్ల గుండ్రం 34 అవుతుంది, గడియారం లోపలికి పోదు. గాడిలో నాలుక దూర్చి నిలబెట్టే పెట్టెల సంగతి ఇంకా చిక్కు. పావు అంగుళం పలక కోసం గీసిన గాడి 6.35 మిల్లీమీటర్లు. తెలుగు ఊళ్లలో దొరికే పలక 6 మిల్లీమీటర్లు. కోసి కూర్చితే అతుకు వదులుగా ఊగుతుంది. నచ్చిందని ఆ నమూనానే 120 శాతానికి పెంచితే గాడి 7.62కు చేరుతుంది, పలక మాత్రం ఆ ఆరు దగ్గరే ఉంటుంది.

మందు తేలిక. నమూనా మూలన 50 మిల్లీమీటర్ల గీత ఒకటి గీసి, అచ్చు తీసిన వెంటనే స్కేలుతో కొలవమని రాయాలి. ఏ మందం పలకకు గీశారో గాడి పక్కనే రాయాలి. ఈ రెండు మాటలూ లేని నమూనా చిరునామా రాయని ఉత్తరం లాంటిది. ఎంత అందంగా ఉన్నా చేరవలసిన చోటికి చేరదు.

రెండో పెద్ద నియమం అతుకు. పలకలో మిగిలే ప్రతి చెక్కముక్కా ఏదో ఒక దారిలో చట్రానికి కలిసి ఉండాలి. చుట్టూ కోతే ఉండి మధ్యలో మిగిలిన ముక్క దీవి, అది రాలి కింద పడుతుంది. దాన్ని నిలపడానికి వదిలే సన్నని చెక్క పట్టీ వంతెన. ముఖచిత్రాల నమూనాల్లో ఈ బాధ ఎక్కువ. ఫొటోను జింప్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నలుపు తెలుపు రెండే రంగులకు కుదిస్తారు, ఇంక్‌స్కేప్‌తో ఆ మచ్చలను గీతలుగా మారుస్తారు. యంత్రం అంతవరకు చేసిపెడుతుంది. నల్లని కనుపాపలో మెరిసే తెల్లని చుక్క దీవి అని మాత్రం యంత్రానికి తెలియదు. ఆ చుక్కను కంటి తెల్లభాగానికి కలిపి వంతెన వేయాలి, అదీ చూపు చెడకుండా. గడ్డం కింది నీడ, ముక్కు పక్క గీత, కళ్లద్దాల అంచు, ఇవన్నీ ఒకదానికొకటి చేతులు పట్టుకుని నిలబడాలి. ముఖచిత్రం గీసినవారి నేర్పు పోలికలో కంటే వంతెనల్లోనే తెలుస్తుంది.

తెలుగు అక్షరాలతో ఇంటి పేరు పలక కోయబోయినవారికి ఈ నియమం మరింత గట్టిగా ఎదురవుతుంది. ఇంగ్లిషు అక్షరాలకు వంతెనలతో సహా సిద్ధమైన అచ్చులు ఎన్నో ఏళ్లుగా చేతులు మారుతున్నాయి. తెలుగుకు ఆ వంతెనలు ఎవరికి వారు వేసుకోవలసిందే. అన్నపూర్ణ అని రాస్తే నకారపు ఒత్తు, ణకారపు ఒత్తు పైఅక్షరాన్ని తాకకుండా కింద విడిగా వేలాడతాయి. గంగా నిలయం అంటే రెండు సున్నాలు పక్క అక్షరాలకు అంటకుండా ఒంటరిగా నిలుస్తాయి. అక్షరాలనే కోసి నిలబెడితే సున్నా విడిపోతుంది. పలకలో అక్షరాల ఆకారంలో ఖాళీ కోస్తే సున్నా నడిబొడ్డు రాలిపోతుంది. ఏ వైపు నుంచి వచ్చినా అదే అక్షరం అడ్డుపడుతుంది. ఠకారం నడుమ చుక్క సంగతీ అంతే.

పరిష్కారాలు మూడు రకాలుగా కనిపిస్తాయి. అక్షరాల కింద ఒక పట్టీ వదిలి ఒత్తులను దానికి ఆనించడం ఒకటి. అక్షరాలను విడివిడిగా కోసి వెనక మరో రంగు పలక మీద అంటించడం ఇంకొకటి. మూడోది కష్టమైనదీ అందమైనదీ: ఒత్తునూ సున్నానూ చేతిరాతలో లాగా పక్క అక్షరపు తోకతో కలిపి గీయడం. తెలుగు గుండ్రని లిపి గనుక ఆ కలయిక అతుకులా కాక వంపులా కనిపిస్తుంది. అక్షరమాల మొత్తానికీ గుణింతాలకూ ఒత్తులకూ ఇలా వంతెనలు గీసి పంచిపెట్టే పని తెలుగు అభిరుచిపరులు చేయదగినది. ఒకరు హల్లులు గీస్తే మరొకరు ఒత్తులు గీయవచ్చు.

నమూనా ఇవ్వడం వేరు, చేసిన పనిని పంచుకోవడం వేరు. పూర్తయిన పలక ఫొటో చూసేవారికి సంతోషం కలిగిస్తుంది గాని దాని వల్ల పని నేర్చుకోలేరు. నేర్చుకోవాలంటే బ్లేడు నంబరు కావాలి. సన్నని పజిళ్లకు 2/0, మామూలు జాలీ పనికి 3 లేదా 5, మందపు చెక్కకు 7 నుంచి పైకి అన్నది వాడుక. పళ్లు ఒకవైపే ఉన్న బ్లేడా, అడుగున కొన్ని పళ్లు తిరగబడి కింది అంచు చిట్లకుండా చూసే రకమా, చుట్టూ పళ్లున్న మెలిబ్లేడా అన్నదీ చెప్పాలి. పలక మందం, యంత్రం వేగం, ఎన్ని బెజ్జాలు, ఎంతసేపు పట్టింది, ఎక్కడ విరిగింది, ఇవన్నీ ఫొటో కింద రెండు వరుసల్లో రాయదగినవి. ఎక్కడ విరిగిందో చెప్పిన వరుస మిగతా అన్నింటికన్నా విలువైనది, చాలామంది దాచేదీ అదే.

బిగువు సంగతి మాత్రం రాతలో కంటే వినికిడిలో బాగా తెలుస్తుంది. బిగించిన బ్లేడును వేలితో మీటితే తీగలా ఖంగుమనాలి. మొద్దుగా చప్పుడైతే వదులుగా ఉన్నట్టు. వదులు బ్లేడు మందపు చెక్కలో పొట్ట ఉబ్బి, కోత నిట్టనిలువుగా దిగకుండా వంగిపోతుంది.

చెక్క పేరు రాయడంలో ఒక మెలకువ ఉంది. అమెరికా నమూనాలు బాల్టిక్ బర్చ్ ప్లైవుడ్ అంటాయి. దాని పొరలు పలుచన, సంఖ్య ఎక్కువ, లోపల ఖాళీలు అరుదు. ఇక్కడి చవక ప్లైవుడ్‌లో నడిమి పొరల్లో ఖాళీలు దాగి ఉంటాయి, సన్నని వంతెన సరిగ్గా అక్కడ పడితే నిలవదు. ఇంటార్షియా నమూనా వాల్‌నట్, మేపుల్ అని చెట్ల పేర్లు చెబితే తెలుగు ఊళ్లో అది పనికిరాదు. లేత, నడిమి, ముదురు అని రంగు ఛాయ చెబితే ముదురుకు జిట్రేగినో నల్లమద్దినో, లేతకు రబ్బరు చెట్టు చెక్కనో కోసేవారే ఎంచుకుంటారు. టేకు అందంగా ఉన్నా అందులోని సిలికా బ్లేడు పదును త్వరగా తినేస్తుంది. జిట్రేగి పొడి కొందరికి చర్మం మీద దద్దుర్లు, ఊపిరి ఇబ్బంది తెస్తుంది గనుక ముక్కుకు మాస్కు తప్పనిసరి అన్న మాట కూడా నమూనాతో పాటే పోవాలి.

అంటించడంలోనూ చేతులు మారిన ఉపాయాలు ఉన్నాయి. జిగురు నేరుగా చెక్కకు రాస్తే కాగితం ఊడదీసేటప్పుడు పైపొర లేస్తుంది. ముందు పలక మీద పెయింటర్లు వాడే కాగితపు టేపు పరిచి, ఆ టేపు మీద నమూనా అంటిస్తే పని అయ్యాక రెండూ కలిసి ఒక్క లాగులో వస్తాయి. నమూనా పైన పార్సిళ్లకు వాడే పారదర్శక టేపు వేస్తే కోతలో చెక్క మాడడం తగ్గుతుంది. ఇవి ఎవరు మొదట కనిపెట్టారో తేల్చలేనంతగా ఉమ్మడి సొత్తయిపోయాయి.

దొంతర కోత ఇచ్చిపుచ్చుకోవడానికి చెక్కలోనే ఉన్న మార్గం. 3 మిల్లీమీటర్ల పలకలు నాలుగు పేర్చి టేపుతో చుట్టి కోస్తే 12 మిల్లీమీటర్ల దొంతర అవుతుంది, ఒకే కోతకు నాలుగు ప్రతులు వస్తాయి. ఒకటి ఇంట్లో ఉంటుంది, ఒకటి నమూనా గీసినవారికి చేరుతుంది, మిగిలినవి పెళ్లికో గృహప్రవేశానికో కానుకలవుతాయి. దొంతరలో పైపలక కంటే అడుగు పలక కోత కాస్త గరుకుగా వస్తుంది, ఉప్పు కాగితంతో నాలుగు రుద్దులు రుద్దితే సరి. పలుచని పలక ఒక్కటే కోసేటప్పుడు బ్లేడు మరీ చురుగ్గా పరుగెత్తుతుంది, దొంతర దాన్ని నిదానింపజేసి గీత మీద నిలుపుతుంది కూడా.

హక్కుల ముచ్చట దాటవేయకూడదు. నమూనా చిత్రమే, చిత్రానికి హక్కుదారు ఉంటారు. భారతదేశపు 1957 కాపీరైట్ చట్టం ప్రకారం చిత్రకారుడి జీవితకాలమూ, మరణించిన తర్వాత 60 ఏళ్లూ ఆ హక్కు నిలుస్తుంది. అమెరికాలో 1929 వరకు అచ్చయిన చిత్రాలపై హక్కులు తీరిపోయాయి, అందుకే ఆ కాలపు జాలీ నమూనాలు అక్కడ స్వేచ్ఛగా మళ్లీ అచ్చవుతున్నాయి. ఉచితంగా ఇచ్చిన నమూనా అంటే హక్కు వదులుకున్న నమూనా అని అర్థం కాదు. గీసినవారు కోసుకోవడానికి ఇచ్చారా, కోసినది అమ్ముకోవడానికీ ఇచ్చారా, గీతను మార్చి తిరిగి పంచడానికీ ఇచ్చారా అన్నవి మూడు వేర్వేరు అనుమతులు. 2002లో మొదలైన క్రియేటివ్ కామన్స్ అనుమతి పత్రాలు ఈ తేడాలను ఒక్క వరుసలో చెప్పే వీలు కల్పించాయి. ఫొటో నుంచి తీసిన ముఖచిత్రంలో ఫొటో తీసినవారి హక్కు కూడా ఉంటుంది. పేరు చెరిపి నమూనాను చేతులు మార్చడం ఈ లోకంలో అన్నింటికన్నా పెద్ద తప్పు. ఎందుకంటే ఉచితంగా ఇచ్చినవారికి దక్కే ప్రతిఫలం ఆ పేరు ఒక్కటే.

కోసినవారి వైపు నుంచి గీసినవారికి తిరిగి పోవలసినది ఒకటుంది. ఫలానా వంతెన సన్నగా ఉంది, ఫలానా గాడి బిగుతుగా ఉంది, కాలి దగ్గర బరువు చాలక బొమ్మ ముందుకు తూలుతోంది అన్న కబురు. గీసినవారు ఆ చోటు దిద్ది, కొత్త కాగితం మూలన దిద్దిన తేదీ వేస్తారు. తేదీ లేకపోతే పాత కాగితమూ కొత్త కాగితమూ కలిసిపోయి, దిద్దిన తప్పు మళ్లీ మళ్లీ కోతకు వస్తుంది. తేదీ కింద మొదట గీసినవారి పేరూ, తప్పు పట్టి చెప్పినవారి పేరూ పక్కపక్కన ఉంటాయి.